ఒంట్లో బాలేదు సార్... అంటే సరిపోతుందా?

ఉద్యోగంలో చేరాక మొదటిసారి జ్వరమొస్తే ఎవరికి ఏమని చెప్పాలి, ఏ చీటీ ఇవ్వాలి, ఏ ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు? ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేలోపే తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, జీతం ఎంత అడగాలో చెప్పేవాళ్లు బోలెడుమంది. చేరిన మూడో నెలలో డెంగీ వస్తే టీమ్ లీడ్‌కి ఏమని మెసేజ్ పెట్టాలో మాత్రం ఏ కోచింగ్ సెంటర్లోనూ నేర్పరు. అందుకే హాస్టల్ గదిలో 102 జ్వరంతో పడుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని లాగిన్ అయ్యేవాళ్లు కనిపిస్తారు. ‘ప్రొబేషన్‌లో ఉన్నాం కదా, సెలవడిగితే ఏమనుకుంటారో’ అన్నది వాళ్ల భయం. ఇంకొందరు దీనికి పూర్తిగా రివర్స్. చెప్పాపెట్టకుండా బస్సెక్కి ఊరెళ్లిపోతారు, ఫోన్ ఆఫ్ చేస్తారు. పది రోజుల తర్వాత వచ్చేసరికి ఐడీ కార్డు పనిచేయదు.

మొదటిది ఒంటికి చేటు. రెండోది కెరియర్‌కి చేటు. నిజానికి ఈ రెండింటి అవసరమూ లేదు. మీరు రాకపోతే కంపెనీకి తెలియాల్సినవి ప్రధానంగా రెండే: నిజంగా పనికి రాలేని స్థితిలో ఉన్నారా? ఎన్ని రోజులు రాలేరు? ఈ రెండింటికీ ఆధారం అడిగే హక్కు యాజమాన్యానికి ఉంది. దాన్ని కాదనలేం. అయితే మీ రక్తపరీక్ష రిపోర్టులన్నీ తెమ్మనడానికీ, ఆ హక్కుకీ చాలా దూరం ఉంది. ఆ దూరం ఎంతో తెలిస్తే సెలవడగడానికి గొంతు వణకదు.

మొదటి ఏడాదిలోనే 12 రోజులు

‘ప్రొబేషన్‌లో సెలవులుండవు’ అనే మాట చేరిన రోజే వినిపిస్తుంది. సీనియర్లు చెబుతారు, ఒక్కోసారి హెచ్‌ఆర్ వాళ్లే చెబుతారు. మన దగ్గర షాపులు, ప్రైవేటు ఆఫీసులు, హోటళ్ల వంటి వాటికి వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఈ చట్టాన్నే విభజన తర్వాత తెలంగాణ కూడా తన పేరుతో కొనసాగించుకుంది. దాని 30వ సెక్షన్‌లో మూడు రకాల సెలవులున్నాయి. ఆర్జిత సెలవు 15 రోజులు. ఇది రావాలంటే ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండాలి. కొత్తగా చేరినవాళ్లకు వెంటనే రాదన్న మాట దీనికి సంబంధించినంత వరకు నిజమే. మిగతా రెండింటికి ఆ షరతు లేదు. అనారోగ్యం లేదా ప్రమాదం కారణంగా జీతంతో 12 రోజుల వరకు, సరైన కారణం ఏదైనా ఉంటే జీతంతో మరో 12 రోజుల వరకు క్యాజువల్ లీవు. ‘సర్వీసులో మొదటి 12 నెలల్లోనూ, ఆ తర్వాత ప్రతి 12 నెలల్లోనూ’ అన్నది ఆ సెక్షన్ సారాంశం.

అంటే సిక్ లీవ్ కోసం ఏడాది ఆగక్కర్లేదు. ఇంత స్పష్టంగా ఉన్న విషయం చాలామంది ఫ్రెషర్లకు తెలియకపోవడం ఆశ్చర్యమే. బహుశా ఆఫర్ లెటర్లో జీతం అంకె దగ్గరే మన చూపు ఆగిపోతుంది కాబోలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఐటీ కంపెనీలకు పని వేళల వంటి కొన్ని నిబంధనల నుంచి రెండు రాష్ట్రాల్లోనూ మినహాయింపులున్నాయి. ఈ చట్టానికి సవరణలూ వస్తుంటాయి. కాబట్టి మీ సంస్థకు తాజాగా ఏది వర్తిస్తుందో కార్మిక శాఖ సైట్‌లో ఒకసారి చూసుకోండి. ఇక ఫ్యాక్టరీలో చేరేవాళ్ల లెక్క వేరు. పాశమైలారం ఫార్మా యూనిట్ అయినా, శ్రీసిటీలో అసెంబ్లీ లైన్ అయినా, ఫ్యాక్టరీల చట్టంలో సిక్ లీవ్ అంటూ విడిగా ఉండేది కాదు. అక్కడ జబ్బు రోజులకు పెద్ద దిక్కు ఈఎస్ఐ.

అదే 1988 చట్టంలో 47వ సెక్షన్ కూడా చూడండి. ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. దీన్ని తిరగేసి చదివితే ఒక చేదు నిజం ఉంది. మొదటి ఆరు నెలలూ మీకు రక్షణ తక్కువ. సెలవు హక్కు ఉన్నా, ఉద్యోగానికి గ్యారంటీ అంత గట్టిగా లేదు. అందుకే ఆ ఆరు నెలల్లో మీరు పెట్టే ప్రతి సెలవుకీ కాగితం ఉండాలి.

జీతం 21 వేల లోపా?

డిగ్రీ తర్వాత మొదటి ఉద్యోగం కాల్ సెంటర్లోనో, రిటైల్ షోరూమ్‌లోనో, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లోనో, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలోనో దొరికినవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి. పది మంది, అంతకుమించి పనిచేసే సంస్థల్లో నెల వేతనం రూ.21,000 వరకు ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. దివ్యాంగులకు ఈ పరిమితి రూ.25,000. 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత స్మృతిలో కలిసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతుల్లో అదొకటి.

పే స్లిప్‌లో ‘ఈఎస్ఐ’ అని కోత కనిపిస్తే చాలామంది విసుక్కుంటారు. లెక్క చూడండి. జీతం రూ.18,000 అనుకుందాం. మీ వాటా 0.75 శాతం, అంటే రూ.135. యాజమాన్యం వాటా 3.25 శాతం, అంటే రూ.585. ఈ డబ్బుకి మీకూ, మీ మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం దొరుకుతుంది. సనత్‌నగర్, నాచారం, విజయవాడ గుణదల, విశాఖ మల్కాపురంలో ఉన్నవి ఈఎస్ఐ ఆసుపత్రులే. వైద్యం చేరిన రోజు నుంచే.

జబ్బుతో పనికి రాలేని రోజులకు నగదు కూడా ఉంది. సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు. మన రూ.18,000 ఉద్యోగికి రోజుకు రూ.600 అనుకుంటే రూ.420 వస్తుంది. మొదటి రెండు రోజులకు మామూలుగా ఇవ్వరు. పది రోజులు మంచాన పడితే ఎనిమిది రోజులకు రూ.3,360 అన్నమాట. పెద్ద మొత్తం కాదు గానీ, హాస్టల్ ఫీజు కట్టాల్సిన వారంలో అది చిన్న మొత్తమూ కాదు. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘకాలిక జబ్బులకు ఇంకా ఎక్కువ కాలం, ఎక్కువ శాతం ఇచ్చే ఏర్పాటూ ఉంది.

అయితే ఈ నగదు విషయంలో ఫ్రెషర్లు దెబ్బతినేది రెండు చోట్ల. ఒకటి, మొదటిసారి ఈఎస్ఐలోకి వచ్చినవాళ్లకు నగదు ప్రయోజనం మొదలయ్యేది తొమ్మిది నెలల తర్వాత. జూన్ 1న చేరితే మార్చి 1 దాకా ఆగాలి. ఆ తర్వాత కూడా ఆరు నెలల చందా కాలంలో మామూలుగా కనీసం 78 రోజులకు చందా జమై ఉండాలి. రెండోది, సర్టిఫికెట్. వీధి చివర క్లినిక్‌లో రాయించుకున్న చీటీ ఆఫీసులో చెల్లొచ్చు. ఈఎస్ఐ డబ్బు కావాలంటే మాత్రం ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. జ్వరం తగ్గాక వెళ్లి ‘గత వారం బాలేదండీ’ అంటే కుదరదు. పడుకోవాల్సి వచ్చిన మొదటి రోజో రెండో రోజో వెళ్లాలి. ఆఫీసు మీకు జీతంతో సెలవిచ్చిన రోజుకు ఈఎస్ఐ నగదు రాదన్నదీ గుర్తుంచుకోండి. ఒకే రోజుకు రెండు చోట్లా తీసుకోలేరు.

చేరిన నెలలోనే పది అంకెల ఈఎస్ఐ నంబరు, ఈ-పహచాన్ కార్డు అడిగి తీసుకోండి. జీతంలోంచి కోస్తూ నంబరు ఇవ్వకపోతే అనుమానించాల్సిందే.

జీతం 21 వేలు దాటినవాళ్లకు కంపెనీలు గ్రూప్ ఇన్సూరెన్స్ ఇస్తుంటాయి. మంచిదే. కానీ అది ఆసుపత్రి బిల్లు కడుతుంది, సెలవు ఇవ్వదు. ఈ తేడా తెలియక ‘మాకు ఐదు లక్షల ఇన్సూరెన్స్ ఉంది, సిక్ లీవ్ ఎందుకు’ అనుకునేవాళ్లున్నారు.

ఆర్ఎంపీ రాసిస్తే చెల్లుతుందా?

ఇదో తమాషా. వైద్య నిబంధనల్లో ‘ఆర్ఎంపీ’ అంటే రిజిస్టరైన వైద్యుడు అని అర్థం. మన ఊళ్లలో ‘ఆర్ఎంపీ డాక్టర్’ అంటే సరిగ్గా ఆ రిజిస్ట్రేషన్ లేని మనిషి! అర్ధరాత్రి తలుపు తట్టినా వచ్చే ఆయన మీద మీకు ఎంత అభిమానం ఉన్నా సరే, ఆయన రాసిచ్చిన సర్టిఫికెట్ కంపెనీ తిరస్కరిస్తే మీరు వాదించలేరు. వైద్య మండలిలో రిజిస్టరైన డాక్టర్ సంతకం, ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాల్సిందే. డాక్టర్లు తామిచ్చే మందుల చీటీ మీదా, సర్టిఫికెట్ మీదా, డబ్బు రసీదు మీదా ఆ నంబరు వేయాలని 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది.

అదే నియమావళి చివర సెలవు సర్టిఫికెట్‌కు ఒక నమూనా ఉంది. పైన రోగి సంతకం లేదా వేలిముద్ర, పుట్టుమచ్చల వంటి గుర్తింపు చిహ్నాలు. తర్వాత, జాగ్రత్తగా పరీక్షించానని, ఈ వ్యక్తి ఫలానా జబ్బుతో బాధపడుతున్నారని, ఫలానా తేదీ నుంచి ఇన్ని రోజులు విధులకు దూరంగా ఉండటం అవసరమని డాక్టర్ ధ్రువీకరణ. డాక్టర్ దీనికో రిజిస్టరు పెట్టాలి, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌కూ నకలు ఉంచుకోవాలి. కాబట్టి మీ చేతిలో ఉన్న కాగితం నిజమో కాదో తేల్చడం కంపెనీకి పెద్ద కష్టం కాదు. ఒక ఫోన్ కాల్ పని.

ఒకటి రెండు రోజుల జ్వరానికి చాలా కంపెనీలు సర్టిఫికెట్ అడగవు. మూడు రోజులు దాటితే అడుగుతాయి. ఈ ‘మూడు’ చట్టం పెట్టిన గీత కాదు, కంపెనీ విధానం. కొన్ని చోట్ల రెండు, కొన్ని చోట్ల ఒకటి కూడా ఉంటుంది. సోమవారమో శుక్రవారమో సిక్ లీవ్ పెడితే ఒక్క రోజుకైనా చీటీ అడిగే మేనేజర్లున్నారు. విధానంలో రాసి ఉండి, అందరినీ అలాగే అడుగుతుంటే తప్పుపట్టలేం. మిమ్మల్ని ఒక్కరినే అడుగుతుంటే మాత్రం ‘ఏ నిబంధన ప్రకారమో చెబుతారా?’ అని మర్యాదగా మెయిల్ పెట్టొచ్చు. తిరిగి చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగడం కూడా మామూలే. టైఫాయిడ్, ఎముక విరగడం, ఆపరేషన్ లాంటివైతే డిశ్చార్జి రోజే డాక్టర్‌ని ఇంకోమాట అడిగి, ఎప్పుడు ఫిట్‌నెస్ కోసం రావాలో కనుక్కోండి.

పెద్దాసుపత్రిలో చూపించుకున్నవాళ్లకు సర్టిఫికెట్ వెంటనే దొరకడం కష్టం. అక్కడి జనం సంగతి తెలిసిందే కదా. అప్పుడు తేదీ, ముద్ర ఉన్న ఓపీ చీటీ, మందుల చీటీ, రక్తపరీక్ష రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. రెండు మూడు రోజుల సెలవుకు చాలా ఆఫీసులకు ఇవి సరిపోతాయి.

ఇక కొనుక్కునే సర్టిఫికెట్ల మాట. ‘అరగంటలో మెడికల్ సర్టిఫికెట్’ అని ఆన్‌లైన్‌లో ప్రకటనలు కనిపిస్తాయి. స్నేహితుడి పెళ్లికి వెళ్లడానికి అలాంటిదొకటి కొనడం కాలేజీలో అటెండెన్స్ కోసం చేసినంత తేలికనుకుంటారు. కాలేజీలో పట్టుబడితే హెచ్‌ఓడీ తిట్టేవారు. ఇక్కడ పట్టుబడితే అది దుష్ప్రవర్తన, ఉద్యోగం పోవడానికి సరైన కారణం. ఫోర్జరీ, ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్ల కింద నేరాలు. తెలిసి తప్పుడు సర్టిఫికెట్ రాసిన డాక్టర్ పేరును వైద్యుల రిజిస్టరు నుంచి తొలగించే వీలుంది. పెళ్లికి క్యాజువల్ లీవ్ అడగండి. ఇవ్వకపోతే జీతం కోతకు ఒప్పుకుని వెళ్లండి. లేని జబ్బు ఒకసారి చూపిస్తే, నిజంగా జబ్బు పడ్డ రోజున మీ మాటకు విలువుండదు.

ఏం జబ్బు? అని అడిగితే

నమూనాలో జబ్బు పేరుకి ఖాళీ ఉందని పైన చూశాం. కాబట్టి సర్టిఫికెట్ ఇచ్చాక జబ్బు పేరు కంపెనీకి ఏదో మేరకు తెలుస్తుంది. దానికి మించి ల్యాబ్ రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, మందుల జాబితా టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టమంటే పెట్టక్కర్లేదు. ‘సర్టిఫికెట్ హెచ్‌ఆర్‌కి మెయిల్ చేశానండీ’ అంటే చాలు. సర్టిఫికెట్‌ని హెచ్‌ఆర్‌కే పంపడం అలవాటు చేసుకోండి. టీమ్ లీడ్‌కి ఎన్ని రోజులో తెలిస్తే సరిపోతుంది.

కంపెనీ మీ డాక్టర్‌కి ఫోన్ చేసిందనుకోండి. ‘ఈ సర్టిఫికెట్ మీరిచ్చిందేనా?’ అని అడగడం వేరు, ‘ఆ అమ్మాయికి అసలేమైంది?’ అని ఆరా తీయడం వేరు. రోగి రహస్యాలు బయటపెట్టకూడదని 2002 నియమావళి డాక్టర్‌ని కట్టడి చేస్తుంది. కోర్టు ఆదేశం, ఇతరులకు తీవ్రమైన ముప్పు, ప్రభుత్వానికి తెలపాల్సిన అంటువ్యాధులు... ఇలాంటి కొన్నింటికే మినహాయింపు.

మానసిక ఆరోగ్యం దగ్గర ఈ విషయం మరీ సున్నితం. డిప్రెషన్‌కి చికిత్స తీసుకుంటున్నవాళ్లు సెలవు అడగలేకపోవడానికి కారణం తరచూ లెటర్‌హెడ్డే. ‘మానసిక వైద్య నిపుణులు’ అని పైన అచ్చయి ఉంటే లోపల ఏం రాసినా ఒకటే కదా! సాధారణ ఆసుపత్రిలో చూపించుకుంటుంటే ఆసుపత్రి పేరు మాత్రమే ఉన్న లెటర్‌హెడ్ మీద ఇవ్వగలరా అని డాక్టర్‌ని అడగండి. అందులో అబద్ధమేమీ లేదు. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు.

హెచ్ఐవీ సంగతైతే చట్టం మరింత సూటిగా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, ఉద్యోగం ఇవ్వడానికి గానీ కొనసాగించడానికి గానీ ఆ పరీక్ష షరతు పెట్టకూడదు. జాయినింగ్ మెడికల్ టెస్టుల జాబితాలో అది కనిపిస్తే ‘ఇది దేనికి?’ అని రాతపూర్వకంగా అడగండి.

అమ్మాయిలకు ఇంకో చిక్కు. నెలసరి నొప్పితో లేవలేని రోజున మగ మేనేజర్‌కి ఏమని రాయాలి? ‘ఆరోగ్య కారణాల వల్ల’ అని రాస్తే చాలు, వివరణ అక్కర్లేదు. బెంగళూరులో ఉద్యోగం చూసుకుంటున్నవాళ్లకు ఒక సమాచారం: నెలకో రోజు చొప్పున వేతనంతో నెలసరి సెలవు ఇవ్వాలని కర్ణాటక ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. చేరే ముందు మీ కంపెనీలో అది ఎలా అమలవుతోందో అడగండి. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఉద్యోగినులు ప్రస్తుతానికి సిక్ లీవ్‌నో క్యాజువల్ లీవ్‌నో వాడుకోవాల్సిందే.

మెసేజ్ ఇలా పెట్టండి

ఆసుపత్రి బెడ్ మీద సెలైన్ ఎక్కుతున్న చేతిని ఫొటో తీసి గ్రూపులో పెట్టడం ఈ మధ్య ఆచారమైపోయింది. దయచేసి మానుకోండి. ఆ ఫొటోలో తేదీ ఉండదు, డాక్టర్ ఉండరు, ఎన్ని రోజులో ఉండదు. జాలి తప్ప ఆధారం లేదు. దానికి బదులు నాలుగు ముక్కలు చాలు:

‘నమస్తే సార్. నిన్న రాత్రి నుంచి జ్వరం ఎక్కువగా ఉంది. ఈరోజు విధులకు రాలేను. సిక్ లీవ్‌గా నమోదు చేయగలరు. డాక్టర్‌ని కలిశాక ఎన్ని రోజులు పడుతుందో మధ్యాహ్నంలోపు చెబుతాను. నిన్నటి రిపోర్ట్ షేర్డ్ ఫోల్డర్లో ఉంది.’

షిఫ్ట్ మొదలయ్యేలోపు వెళ్లాలి. ‘రావచ్చా, మానేయొచ్చా’ అన్న ధోరణి ఉండకూడదు. సెలవు అనుమతి కోరడం వేరు, ఒంట్లో బాలేదని తెలియజేయడం వేరు. ఫోన్‌లో చెప్పినా సరే, తర్వాత ఒక మెయిల్ పెట్టండి. లీవ్ పోర్టల్ ఉంటే అందులోనూ నమోదు చేయండి. ‘అన్నా, నేను రానని సార్‌కి చెప్పు’ అని పక్క సీటువాడికి చెప్పడం చెప్పినట్టు కాదు. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే నాన్నగారో, రూమ్మేటో హెచ్‌ఆర్ నంబరుకు ఫోన్ చేయాలి. ఆ నంబరు ఇంట్లోవాళ్ల దగ్గర ఉందా? ఈరోజే ఇచ్చేయండి.

ఎందుకింత పట్టుబట్టి చెప్పడమంటే, కంపెనీల రికార్డుల్లో ‘అబ్‌స్కాండింగ్’ అనే మాటొకటుంది. చెప్పకుండా వరసగా కొన్ని రోజులు రానివాళ్ల పేరు పక్కన అది పడుతుంది. పడితే రిలీవింగ్ లెటర్ రాదు. రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అడిగినప్పుడు ఆ మాటే బయటికొస్తుంది. మీకప్పుడు పచ్చకామెర్లు వచ్చి ఊళ్లో పసరు మందు తాగుతున్నారని ఎవరికి తెలుసు? హెచ్‌ఆర్ పంపిన హెచ్చరిక మెయిళ్లు ఆఫీసు మెయిల్లోనే ఉండిపోతాయి, రిజిస్టర్డ్ పోస్టు హాస్టల్ అడ్రస్‌కి వెళ్లి తిరిగొస్తుంది.

న్యాయం పూర్తిగా మూసుకుపోయిందని కాదు. అనుమతి లేని గైర్హాజరు అంతా ఉద్దేశపూర్వకం కాదని, అనారోగ్యం, ప్రమాదం, ఆసుపత్రిలో చేరడం వంటివి మనిషి చేతిలో లేనివని సుప్రీంకోర్టు 2012లో కృష్ణకాంత్ బి. పర్మార్ కేసులో చెప్పింది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కేసు. ప్రైవేటు కంపెనీలో మొదటి ఏడాది ఫ్రెషర్ అంతదాకా వెళ్లి గెలుచుకోవడం కంటే మొదటి రోజు ఒక మెయిల్ పెట్టడం ఎంత తేలికో చెప్పక్కర్లేదు.

గంట పనికి రోజంతా సెలవా?

పన్ను తీయించుకోవాలి. ఫిజియోథెరపీకి వారానికి రెండుసార్లు వెళ్లాలి. ఇలాంటి అపాయింట్‌మెంట్ల కోసం మన చట్టాల్లో ప్రత్యేకమైన సెలవేమీ లేదు. ఆఫీసుల్లో నడిచేది ‘పర్మిషన్’, లేదంటే సగం రోజు సెలవు. ప్రైవేటు డాక్టరైతే సాయంత్రం దొరుకుతారు. ప్రభుత్వాసుపత్రి ఓపీ ఎక్కువగా ఉదయం పూటే. వరసగా వెళ్లాల్సి ఉంటే తేదీలన్నీ ఒకేసారి రాసి, ‘ఈ నాలుగు మంగళవారాలు 11కి వస్తాను, సాయంత్రం ఆ మేరకు ఉంటాను’ అని ముందే అడగండి. ప్రతి వారం పొద్దున్నే అడగడం కంటే దీనికి ఒప్పుకునే మేనేజర్లే ఎక్కువ.

పై చదువుకని బ్రిటన్ వెళ్లి పార్ట్‌టైమ్ చేసేవాళ్లకు అక్కడి పద్ధతి వింతగా అనిపిస్తుంది. ఏడు రోజుల వరకు జబ్బుకు డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఉద్యోగి స్వయంగా రాసిచ్చిన ధ్రువీకరణే చాలు. అది దాటితేనే ‘ఫిట్ నోట్’. మన దగ్గర రెండో రోజుకే చీటీ అడిగితే రూ.500 కన్సల్టేషన్ ఫీజు కట్టేది జ్వరంతో ఉన్న ఉద్యోగే. మామూలు జలుబుకి పారాసిటమాల్ వేసుకుని పడుకుంటే తగ్గేదానికి క్లినిక్ క్యూలో కూర్చోబెట్టడం ఎవరికి లాభమో కంపెనీలు ఆలోచించుకోవాలి.

సంతకానికి ముందు

నియామక పత్రం ఇవ్వడం కొత్త స్మృతుల కింద యాజమాన్యాల బాధ్యత. చేతికొచ్చాక జీతం అంకె చూసి పక్కన పెట్టకుండా, సెలవుల పేరా వెతకండి. ‘కంపెనీ విధానం ప్రకారం’ అని ఒక్క వాక్యమే ఉంటే ఆ విధానం కాపీ అడగండి. సిక్ లీవ్ చేరిన రోజు నుంచా, నెలకొకటి చొప్పున జమవుతుందా? ఎన్ని రోజులు దాటితే సర్టిఫికెట్? శుక్రవారం, సోమవారం సెలవు పెడితే మధ్యలో శని, ఆదివారాల్ని కూడా సెలవుగా లెక్కగట్టే ‘శాండ్‌విచ్’ పద్ధతి ఉందా? ఉంటే రెండు రోజుల జ్వరానికి నాలుగు రోజులు పోతాయి. ఇంటర్వ్యూలో ఇవన్నీ అడగొద్దు గానీ, ఆఫర్ వచ్చాక హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడగడంలో తప్పేం లేదు. ఈ ప్రశ్నలకే ముఖం మాడ్చుకునే కంపెనీ ఎలాంటిదో ముందే తెలిసినట్టే.

ఇన్ని చేసినా న్యాయంగా రావాల్సిన సెలవును జీతం కోతగా చూపిస్తే, ముందు హెచ్‌ఆర్‌కి మెయిల్. వారం పది రోజులు చూసి పై అధికారికి ఇంకో మెయిల్. అప్పటికీ కదలకపోతే మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి ఆఫీసు. ఫిర్యాదుకు వకీలు అక్కర్లేదు, తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. నియామక పత్రం, పే స్లిప్పులు, ఓపీ చీటీ లేదా సర్టిఫికెట్ నకలు, మీరు పెట్టిన మెయిళ్ల ప్రింట్లు వెంట ఉండాలి. అసలు సర్టిఫికెట్ ఆఫీసులో ఇచ్చే ముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మీ సెలవు మెయిళ్లకు మీ సొంత మెయిల్ ఐడీని కాపీలో పెట్టుకోండి. ఆఫీసు లాగిన్ తీసేసిన రోజున అందులోని మెయిళ్లు మీకు కనిపించవు.